ప్రార్థనా యాప్‌లలో ఫొటో అనుమతి వాక్యము

ప్రార్థనా యాప్‌లు కొన్నింటిలో, ఎవరి క్షేమము కోరి ప్రార్థన జరుగుచున్నదో వారి ఫొటోను జతపరచు వీలు గలదు. ఆ గుర్తును నొక్కగానే ఫోను తెరపై అనుమతి కోరు వాక్యమొకటి కనబడును. ఫోనులో మనుమల బొమ్మలు మాత్రమే యుండవు. ఆధార్ కార్డు, బ్యాంకు పాసుపుస్తకము, వైద్యుని చీటీ కూడ అందే యుండును. కావున పెద్దలు సంకోచించుట అవివేకము కాదు. దోషము వాక్యములోనిది.

ఐఫోనులో ప్రశ్న ఆపిల్ సంస్థ వ్రాసినది. దాని క్రింది కారణము యాప్ నిర్మాతలు వ్రాయునది. 2016లో వెలువడిన ఐఓఎస్ 10 నుండి, కారణము వ్రాయని యాప్ ఫొటోలను తెరువబోయినచో అక్కడికక్కడే మూతపడును. అయినను ఆ కారణము స్పష్టమో కాదో యంత్రము చూడజాలదు. "మెరుగైన అనుభవము కొఱకు" అనునది కారణమే కాదు. "మీరు ఎంచిన ఫొటోను ప్రార్థనతో జతచేయుటకు, వద్దన్నను ప్రార్థన పంపవచ్చును" అన్నచో సందేహము తీరును. ఆ మాట నిజమై యుండవలెననుట వేరుగ చెప్పనక్కరలేదు. ఆండ్రాయిడ్‌లోనైతే ఆ పెట్టెలో నిర్మాతలు ఒక్క మాటయు చేర్చజాలరు. వివరణను అంతకుముందే తమ పుటలో చెప్పుకొనవలెను. ఐఫోనులో ఒకమారు నిరాకరించినచో యాప్ ఆ ప్రశ్నను మరల అడుగజాలదు. ఆండ్రాయిడ్ 11 (2020) నుండి రెండుమార్లు నిరాకరించినను అంతే. పిమ్మట సెట్టింగులలోనికి పోయి మార్చుకొనుట ఎందరు వృద్ధులకు సాధ్యము?

అసలు ఒక్క ఫొటోకు ఇంత అనుమతి యేల? ఐఓఎస్ 14 (2020), ఆండ్రాయిడ్ 13 (2022) లలో ఫోనే ఆల్బమును చూపి, ఎంచిన చిత్రమును మాత్రమే యాప్‌నకు అందించు ఏర్పాటు గలదు. దానికి అనుమతి ప్రశ్నయే అక్కరలేదు. అయినను ఫొటో ఎచ్చటికి పోవునో, ఎవరు చూతురో చెప్పు వాక్యము కావలసియే యుండును.

ఆ వాక్యపు భాష రాష్ట్రేతరాంధ్రులకు పెద్ద చిక్కు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా సంరక్షణ చట్టము, సమ్మతి కోరు విన్నపము సరళముగా నుండవలెననియు, ఇంగ్లీషులోగాని రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలలో దేనిలోగాని లభింపవలెననియు చెప్పుచున్నది. తెలుగు అందొకటి. కాని మధుర, కోయంబత్తూరు ప్రాంతములలో ఇంట తెలుగు మాటలాడుచు తమిళ లిపి మాత్రమే చదువగల కుటుంబములు పెక్కు. బళ్లారిలో కన్నడము, బరంపురములో ఒడియా మాత్రమే బడిలో నేర్చినవారి స్థితియు ఇట్టిదే. వీరికి తెలుగు లిపిలోని వాక్యము ఇంగ్లీషు వాక్యముకంటె ఏమి మేలు? తెలుగును తమిళ లిపిలో వ్రాయుదమన్న, అందు క, గ లకు ఒకే అక్షరము, చదువువారు తడబడుదురు. యాప్ తన వివరణ పుటలో ఒక మీట నుంచి, నొక్కగానే తెలుగు కంఠము ఆ రెండు వాక్యములను వినిపించునట్లు చేయుట ఇంతకంటె సులువు. ఆ కంఠము ఆయా ప్రాంతపు తెలుగైనచో ముసలమ్మలు నిస్సంకోచముగా విందురు.