అడగలేని ఆకలి

అడగందే అమ్మయినా అన్నం పెట్టదని మన సామెత. అయితే ఏడాది నిండని పసిబిడ్డ ఏమని అడుగగలదు? పోషణ కొరవడిన శిశువుకు ఆకలి మందగిస్తుంది. ఆటలు మాని, మందకొడిగా ఉండిపోతుంది. దానిని బుద్ధిమంతతనమని పెద్దలు పొరబడుట కద్దు.

మలేషియా కరవు దేశము కాదు. అయినను, 2022లో జరిగిన జాతీయ ఆరోగ్య సర్వేక్షణలో ఐదేండ్లలోపు పిల్లలలో నూటికి 21 మంది వయస్సుకు తగిన ఎత్తు లేరని తేలింది. గిన్నెలో అన్నమున్నా బిడ్డ ఎందుకు ఎదగదు?

ఈ ప్రశ్నను ఈ ప్రాంతములోనే లేవనెత్తిన వైద్యురాలు సిసిలీ విలియమ్స్. ఆమె గోల్డ్ కోస్టులో, అనగా నేటి ఘనాలో, 1933లో క్వాషియోర్కర్ అను శిశువ్యాధిని వర్ణించారు. తమ్ముడో చెల్లెలో పుట్టగా తల్లిపాలకు దూరమైన బిడ్డకు వచ్చే జబ్బని అక్కడి గా భాషలో ఆ మాటకు అర్థము. పిదప మలయాకు వచ్చిన ఆమె, తల్లిపాలకు మారుగా శిశువులకు తీపి డబ్బాపాలు పట్టుట చూచి, 1939లో సింగపూరు రోటరీ క్లబ్బులో "పాలు, హత్య" అను పేరుతో ఉపన్యసించారు. వెన్న తీసిన ఆ పాలలో చక్కెర మెండు. ఎ, డి విటమినులు కొరత.

రబ్బరు తోటల కాలమున తల్లి తెల్లవారకముందే చెట్లు గీయుటకు వెళ్ళేది. బిడ్డ ఆయా సంరక్షణలో ఉండేది. నేడు తోటలు విడిచి పట్నములు చేరిన కుటుంబములలోనూ తల్లి పనికి వెళ్ళు ఘట్టమే బిడ్డకు గండము. 2023 జనవరి నుండి ప్రసూతి సెలవు 60 దినముల నుండి 98 దినములకు పెరిగింది. ఆరు నెలల వరకు తల్లిపాలే చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. నడుమనున్న ఆ లోటు తీరాలంటే, పాలు పిండి చల్లగా భద్రపరచుకొనుటకు ఉద్యోగస్థలములో తావుండాలి. ఇంటిలోనివారి సాయమూ ఉండాలి.

తక్కిన గండములూ తెలిసినవే: తల్లికి రక్తహీనత, రెండున్నర కిలోల లోపు జననము, ఎడము లేని కాన్పులు, నీళ్ళు ఎక్కువ కలిపిన పాలపొడి, శుభ్రపరచని సీసా, మాటిమాటికీ విరేచనములు. ఆరు నెలలు దాటినపిమ్మట పలుచని గంజి మాత్రమే పెట్టుట మరొకటి. ఆ గంజినే చిక్కగా కాచి, మెత్తని పప్పో, గ్రుడ్డో, ఉప్పు పోయేట్లు కడిగి దంచిన ఈకాన్ బిలిసో చేర్చితే అది ఆహారమవుతుంది. సీసాలో తేనీరు మాత్రము వద్దు. అది ఆహారములోని ఇనుమును ఒంటికి పట్టనీయదు.

ప్రభుత్వ క్లినిక్కులో ఇచ్చే శిశు ఆరోగ్య పుస్తకములో ఎదుగుదల పటము ఉంటుంది. టీకాల పుట చూచి దానిని మూసివేయరాదు. తూకము, ఎత్తు గుర్తించిన ఆ గీత చదునైనా, క్రిందికి వంగినా వైద్యుని సంప్రదించాలి. తొలి రెండేండ్లలో పోయిన ఎత్తు తరువాత పూర్తిగా తిరిగి రావడము అరుదు. అడుగనేరని బిడ్డ పక్షాన ఆ గీతయే అడుగుతున్నది.