ఓడిన పక్షము

ప్రజాస్వామ్యము క్రొత్తగా నెలకొన్న దేశమున, ఓడిన పక్షమేమి చేయునన్నదే అసలు పరీక్ష. తైవానులో 1986లో, క్రొత్త పక్షములు నిషిద్ధములై యుండగనే, డెమొక్రాటిక్ ప్రోగ్రెసివ్ పక్షము వెలసినది. 2000లో దాని అభ్యర్థి అధ్యక్షుడు కాగా, అర్ధశతాబ్దము ఏలిన కొమిన్‌టాంగ్ గద్దె దిగినది. 2008లో వోట్లతోనే తిరిగి వచ్చినది.

బత్తలపల్లె మొదలగు మెట్టగ్రామములు గల మన అనంతపురము సీమ ఇట్టిదానిని ఏనాడో చూచినది. 1952 నాటి తొలి ఎన్నికలలో అభ్యర్థికొక పెట్టె చొప్పున, గుర్తు అంటించి యుంచెడివారు. అనంతపురము శాసనసభా స్థానమున కాంగ్రెసు నాయకులు నీలం సంజీవరెడ్డిగారిని కమ్యూనిస్టు తరిమెల నాగిరెడ్డిగారు ఓడించిరి. ఓడినవారి భార్య గెలిచినవారి సోదరి! చుట్టరికము చుట్టరికమే, పెట్టెలు మాత్రము వేరు. సంజీవరెడ్డిగారు రాజకీయములను వీడలేదు. 1956లో ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రియైరి. మరుసటి యేడు నాగిరెడ్డిగారు అదే అనంతపురము నుండి లోక్‌సభకు ఎన్నికై, ప్రతిపక్షమున కూర్చుండిరి.