వెండి నాణెం మీద గాలి ఓడ

1930లో జర్మనీ రెండు స్మారక వెండి నాణేలు విడుదల చేసింది: ఒకటి మూడు మార్కులది, ఇంకొకటి అయిదు మార్కులది. రెండింటి మీదా ఒకటే బొమ్మ, భూగోళం మీదుగా సాగిపోతున్న గ్రాఫ్ జెప్పెలిన్. అయిదు మార్కుల నాణెం బరువు 25 గ్రాములు, అందులో వెండి సగం.

నాణెం మీదికెక్కిన ఆ గాలి ఓడ పుట్టిందే జనం చేతి డబ్బుతో. మొదటి ప్రపంచయుద్ధంలో ఓడిన జర్మనీ పెద్ద గాలి ఓడలు కట్టుకోకుండా విధించిన ఆంక్షలు 1920ల నడుమ సడలాయి. జెప్పెలిన్ సంస్థ అధిపతి హ్యూగో ఎకెనర్ దేశమంతా తిరిగి చందాలు పోగుచేశాడు. సుమారు 25 లక్షల మార్కులు వచ్చాయి. తక్కువపడింది ప్రభుత్వం ఇచ్చింది. 1928 సెప్టెంబరులో ఓడ గాల్లోకి లేచింది.

పొడవు 236 మీటర్లు, డ్యురాల్యుమిన్ చట్రం, లోపల హైడ్రోజన్ సంచులు. గాలి కంటే తేలికైన హైడ్రోజన్ ఓడను పైకి లేపితే, అయిదు మేబాక్ ఇంజన్లు ముందుకు నడిపేవి. నన్ను అన్నిటికంటే ఆకట్టుకునేది దాని ఇంధనం. పెట్రోలు కాలేకొద్దీ ఓడ బరువు తగ్గుతుంది, ఓడ పైపైకి పోతుంది. దాన్ని అదుపులో ఉంచాలంటే విలువైన హైడ్రోజన్‌ను బయటికి వదలాలి. అందుకని ఇంజనీర్లు బ్లౌ గ్యాస్ అనే ఇంధన వాయువును ఎంచుకున్నారు. దాని బరువు ఇంచుమించు గాలి బరువే. అది కాలి, ఖాళీ అయిన చోటును గాలి నింపినా ఓడ బరువు దాదాపు మారదు. ఎంత చక్కటి ఆలోచన!

1929 ఆగస్టు 8న అమెరికాలోని లేక్‌హర్స్ట్‌లో ప్రపంచయానం మొదలైంది. పత్రికాధిపతి హర్స్ట్ ఖర్చులో పెద్ద వాటా భరించాడు. ఓడ అట్లాంటిక్ దాటి జర్మనీ చేరి, అక్కడి ఫ్రీడ్రిక్స్‌హాఫెన్ నుంచి సైబీరియా మీదుగా టోక్యో దాకా 11,000 కిలోమీటర్లకు పైగా దూరాన్ని ఎక్కడా దిగకుండా సుమారు 102 గంటల్లో దాటింది. ఆ తర్వాత పసిఫిక్, లాస్ ఏంజెలెస్, మళ్లీ లేక్‌హర్స్ట్: మొత్తం 21 రోజుల అయిదున్నర గంటలు. పత్రికా రచయిత్రి గ్రేస్ డ్రమండ్-హే గగనమార్గాన ప్రపంచాన్ని చుట్టిన తొలి మహిళ అయింది.

1937 మే 6న అదే లేక్‌హర్స్ట్‌లో మరో జర్మన్ గాలి ఓడ హిండెన్‌బర్గ్ తగలబడింది. అప్పుడు బ్రెజిల్ నుంచి ఇంటికి వస్తున్న గ్రాఫ్ జెప్పెలిన్ ఆ తర్వాత ప్రయాణికులను ఎక్కించుకోలేదు. 590 యాత్రల్లో అది 17 లక్షల కిలోమీటర్లు తిరిగింది. ఒక్క ప్రయాణికుడి ప్రాణమూ పోలేదు. 1940లో నాజీ వైమానిక మంత్రి గోరింగ్ ఆజ్ఞతో దాన్ని ముక్కలు చేసి, ఆ లోహాన్ని యుద్ధ విమానాల తయారీకి తరలించారు. చందాలిచ్చి కట్టించుకున్న జనాన్ని ఆ మాట ఎవరూ అడగలేదు.