పురుగుమందు శేషమును లెక్కించు డిటెక్టరు

మిరప, కూరగాయలు, పండ్లు పండించు రైతు సోదరుల సరుకు పరీక్షకు వెళ్లినపుడు, తిరిగి ఒక నివేదిక వచ్చును. అందు పురుగుమందు పేరును, దాని ప్రక్కన 0.02 వంటి ఒక అంకెయు ఉండును. సరుకు ఓడ ఎక్కునా, వెనుకకు వచ్చునా అనునది ఆ చిన్న అంకెపై ఆధారపడును. కావున ఆ అంకె ఎట్లు పుట్టునో రైతు తెలిసికొనుట అవసరము.

ఎంత స్వల్పము?

ఏదైన మందుకు ప్రత్యేక పరిమితి నిర్ణయింపనిచో, ఐరోపా సమాఖ్యలో కిలో ఆహారమునకు 0.01 మిల్లీగ్రాము సాధారణ పరిమితిగా పాటింతురు. అనగా 100 కిలోల కాయలలో 1 మిల్లీగ్రాము. 1,000 టన్నులలో 10 గ్రాములు మాత్రమే. ఇది కంటికి గాని, ముక్కుకు గాని అందునది కాదు.

జల్లెడ పని

పరీక్షశాలలో కాయలను మెత్తగా నూరి, ద్రావకముతో మందును వేరుచేసి, మాస్ స్పెక్ట్రోమీటరు అను యంత్రములోనికి పంపుదురు. అచట మందు అణువులకు విద్యుదావేశము కలిగింతురు. ఆవేశము గల అణువునే అయాను అందురు. గాలిని తీసివేసిన గదిలో విద్యుత్ క్షేత్రములు ఈ అయానులను నడిపించుచు, కోరిన బరువు గలవాటిని మాత్రమే ముందుకు పోనిచ్చును. ఉదాహరణకు, ఇమిడాక్లోప్రిడ్ అయాను బరువు 256. దానిని వాయువుతో ఢీకొట్టించి విరుగగొట్టినపుడు 209, 175 బరువు గల ముక్కలు వచ్చును. ఈ రెండు ముక్కలును తగిన పాళ్లలో ఉన్నపుడే అది ఇమిడాక్లోప్రిడ్ అని నిర్ధారింతురు. ఇట్లు జల్లెడ పట్టబడిన ముక్కలు చివరకు డిటెక్టరుపై పడును. మందును గుర్తుపట్టుట జల్లెడ పని. వచ్చిన అయానులను లెక్కించుట డిటెక్టరు పని.

ఒకటి పది లక్షలగుట

తొలినాళ్లలో ఫోటో పలకయే డిటెక్టరు. కేంబ్రిడ్జిలో జె.జె. థామ్సన్ 1913 నాటికి నియాను వాయువులో 20, 22 బరువులు గల రెండు రకములున్నవని పలకపై పడిన గీతలనుబట్టి కనుగొనెను. తరువాత వాడుకలోనికి వచ్చిన ఫారడే గిన్నె ఒక లోహపు పాత్ర. అందు పడిన అయానుల ఆవేశమును తీగ ద్వారా కొలుతురు. కాని సెకనుకు 6,000 అయానులు పడినను కలుగు ప్రవాహము, ఒక ఆంపియరును పది కోట్ల కోట్ల భాగములు చేసిన అందొక భాగమునకు మించదు. పురుగుమందు శేషముల వంటి స్వల్ప పరిమాణములకు ఇది చాలదు.

అందుచే ఎలక్ట్రాన్ మల్టిప్లయరును వాడుదురు. వేగముగా వచ్చిన అయాను ప్రత్యేకమైన పూత గల పలకను తాకగానే, పలకనుండి ఎలక్ట్రాన్లు వెలువడును. విద్యుత్ పీడనము వాటిని తరువాతి పలకపైకి లాగును. అచట ఒక్కొక్క ఎలక్ట్రాను మరికొన్నింటిని రాల్చును. విత్తనక్షేత్రములో కొద్ది గింజలు పంట పంటకు పెరిగి పుట్లగునట్లు ఇవియును పెరుగును. ఒకటికి రెండు చొప్పున ఇరువది మెట్లు దాటినచో, ఒక్క అయానుకు 10 లక్షలకు పైగా ఎలక్ట్రాన్లు చేరును. అపుడు కలిగిన ప్రవాహమును సులభముగా కొలువవచ్చును. కొన్ని యంత్రములలో పలకలకు బదులు కొమ్మువలె వంగిన గాజు గొట్టముండును. ఎలక్ట్రాన్లు దాని లోపలి గోడలను తాకుచు ఇదే విధముగా పెరుగును.

అంకెను నమ్ముట ఎట్లు?

దెబ్బలు తిని, మురికి పేరుకొని, ఈ పలకల శక్తి కాలక్రమమున తగ్గును. నిన్న వేయి చూపినది కొంతకాలమునకు ఎనిమిది వందలే చూపవచ్చును. ఇంకను, మిరపలోని రంగు, కారపు పదార్థములు మందు అయానులు పుట్టకుండ అడ్డగించును. ఈ కారణములచే డిటెక్టరు చూపిన లెక్కను నేరుగా నివేదికలో వ్రాయరు. మందు లేని మిరప రసములో తెలిసిన మోతాదులు కలిపి, వాటిని అదే యంత్రముపై నడిపి, మన నమూనాను వాటితో పోల్చుదురు. ఈ పోలిక సరిగా జరిగినపుడే అంకె నమ్మదగినది. అయానులు మరీ ఎక్కువగా వచ్చిపడినను డిటెక్టరు లెక్క తప్పును. అపుడు నమూనాను పలుచన చేసి మరల పరీక్షింతురు.

రైతులు గమనింపవలసినవి

1. నివేదికలో "బి.ఎల్.క్యు." అని ఉన్నచో మందు సున్న అని అర్థము కాదు. పరీక్షశాల నమ్మకముగా లెక్కింపగల కనీస పరిమితికి తక్కువ అని అర్థము. ఆ పరిమితి ఎంతో కూడ చూచుకొనవలెను.

2. ఇట్టి పరీక్షలో యంత్రము తాను వెదకిన మందులనే చూపును. ఏయే మందులకు పరీక్ష జరిగినదో జాబితా అడిగి, కొనువారు కోరిన మందులన్నియు అందున్నవో లేదో సరిచూచుకొనవలెను.

3. డిటెక్టరుకు చేరునది మనము పంపిన గుప్పెడు కాయల సారమే. ఒక్క బస్తా పైనుండి తీసిన కాయలు కళ్లమంతటికి సాక్ష్యము చెప్పలేవు. పలు బస్తాలనుండి, పై భాగము, నడుమ, అడుగు నుండి కొంచెము కొంచెము తీసి కలిపి పంపవలెను.

4. పంటకు సిఫారసు చేసిన మందునే, చెప్పిన మోతాదులో వాడి, చివరి పిచికారికిని కోతకును నడుమ డబ్బాపై చీటీలో చెప్పిన వ్యవధిని తప్పక పాటింపవలెను. కొన్న మందు పేరు, చల్లిన తేదీ వ్రాసి ఉంచుకొనవలెను.

పరీక్ష పంటలోని మందును తీసివేయజాలదు. ఉన్నదానిని చూపుట వరకే దాని పని. మందు మిగులకుండ చూచుకొనుట పొలముననే జరుగవలెను.