నాన్న రిపోర్ట్‌లో పీఎస్ఏ ఎక్కువ వచ్చిందా? బయాప్సీకి ముందు తెలుసుకోవాల్సినవి

ఈ రోజు ఎపిసోడ్‌లో పీఎస్ఏ టెస్ట్ గురించి మాట్లాడుకుందాం. వీడియో చూస్తున్న మీలో చాలామందికి ఇరవై, ముప్పై ఏళ్లే ఉంటాయి. ఇది మాకెందుకు అనుకోవచ్చు. కానీ ఇంట్లో ఫుల్ బాడీ చెకప్ బుక్ చేసేది ఎవరు? మీరే కదా. యాప్‌లో ఆఫర్ చూసి అమ్మకీ నాన్నకీ ప్యాకేజీ బుక్ చేస్తారు. పొద్దున్నే పరగడుపున ఇంటికొచ్చి శాంపిల్ తీసుకెళ్తారు. పీడీఎఫ్ మీ ఫోన్‌కే వస్తుంది. అందులో ఒక లైన్ బోల్డ్‌లో ఉంటుంది. పీఎస్ఏ 6.8, నార్మల్ 4 లోపు. వెంటనే గూగుల్ చేస్తారు, మొదట కనపడే మాట క్యాన్సర్. ఇక ఆ రాత్రి నిద్ర ఉండదు.

ఆ 6.8 అంటే నిజంగా ఏంటి, దాని తర్వాత ఏ టెస్ట్ ఏ వరసలో చేయించాలి, ఎక్కడ ఆగొచ్చు, ఎక్కడ ఆగకూడదు, ఒక్కొక్కటీ చూద్దాం.

పీఎస్ఏ అంటే ఏంటి?

ప్రోస్టేట్ అనేది మగవాళ్లలో ఉండే గ్రంథి. మూత్రాశయం కింద, అక్రోట్ కాయంత సైజులో ఉంటుంది. మూత్రనాళం దాని మధ్యలోంచే పోతుంది. అందుకే వయసు మీద పడి గ్రంథి ఉబ్బినప్పుడు ఆ గొట్టం నొక్కుకుపోయి, మూత్రం సన్నగా రావడం, ఆగి ఆగి రావడం, రాత్రి మూడు నాలుగుసార్లు లేవాల్సి రావడం మొదలవుతాయి. మన ఇళ్లల్లో దీన్ని షుగర్ ఖాతాలో వేసేస్తారు.

ఈ గ్రంథి తయారుచేసే ఒక ప్రోటీన్ పేరే పీఎస్ఏ. పూర్తి పేరు ప్రోస్టేట్ స్పెసిఫిక్ యాంటిజెన్. పేరులోనే ఉంది చూడండి, అది ప్రోస్టేట్‌కి ప్రత్యేకం, క్యాన్సర్‌కి ప్రత్యేకం కాదు. గ్రంథి ఏ కారణంతో ఇబ్బంది పడినా రక్తంలో ఈ ప్రోటీన్ పెరగొచ్చు. వయసుతో వచ్చే మామూలు వాపు, ప్రోస్టేట్ ఇన్ఫెక్షన్, యూరిన్ ఇన్ఫెక్షన్, ఈమధ్యే క్యాథెటర్ వేసి ఉండటం, టెస్ట్‌కి ఒకట్రెండు రోజుల ముందు వీర్యస్ఖలనం, ఎక్కువ దూరం సైకిల్ తొక్కడం, వీటిలో ఏదైనా కారణం కావొచ్చు.

దీనికి రివర్స్ కూడా ఉంది. ప్రోస్టేట్ వాపుకి ఫినాస్టరైడ్, డ్యూటాస్టరైడ్ అనే మాత్రలు ఇస్తారు. కొన్ని నెలలు వాడితే పీఎస్ఏ దాదాపు సగానికి పడిపోతుంది. అంటే ఆ మాత్ర వేసుకునే మనిషికి 3 వస్తే, దాన్ని 6 లాగా చదవాలి. రిపోర్ట్ మాత్రం నార్మల్ అనే చూపిస్తుంది. అందుకే నాన్న వాడే మందుల చీటీ డాక్టర్‌కి తప్పకుండా చూపించాలి.

4 దాటితే క్యాన్సరేనా?

కాదు. పీఎస్ఏ 4 నుంచి 10 మధ్య ఉన్నవాళ్లకి బయాప్సీ చేస్తే, సుమారుగా నలుగురిలో ఒకరికి క్యాన్సర్ కనపడుతుంది. మిగతా ముగ్గురికీ ఉండదు. 10 దాటితే అనుమానం బాగా పెరుగుతుంది.

అలాగని 4 లోపు ఉంటే పూర్తిగా సేఫ్ అని కూడా కాదు. అమెరికాలో జరిగిన ఒక పెద్ద పరిశోధన ఫలితాలు 2004లో వచ్చాయి. పీఎస్ఏ 4 లోపు ఉన్న పెద్దవాళ్లకి కూడా బయాప్సీ చేస్తే, నూటికి 15 మందిలో క్యాన్సర్ దొరికింది. కాబట్టి 4 అనేది ఒక అంచనా గీత. ఆ ఒక్క నంబర్ చూసి సంబరపడకూడదు, గుండెలు బాదుకోకూడదు.

మొదటి పని ఏంటి?

మళ్లీ టెస్ట్ చేయించడం. ఒకసారి పెరిగిన పీఎస్ఏ, ఏ మందూ వాడకుండానే రెండోసారి తగ్గి కనపడటం మామూలే. ఇన్ఫెక్షన్ ఉంటే ముందు దానికి మందు వాడి, ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి చేయించాలి. వీలైతే అదే ల్యాబ్‌లో చేయించండి. ల్యాబ్ మారితే నంబర్ కూడా కొంచెం మారుతుంది. రెండు రోజుల ముందు నుంచి సైకిల్, శృంగారం ఆపమని నాన్నకి చెప్పాలి. చెప్పడానికి మీకు మొహమాటంగా ఉంటే డాక్టర్‌తో చెప్పించండి, తప్పేం లేదు. పాత రిపోర్టులు ఉంటే తీసి పెట్టండి. మూడేళ్లుగా 6 దగ్గరే ఉన్న నంబర్ వేరు, ఏడాదిలో 2 నుంచి 6కి ఎగిరిన నంబర్ వేరు.

యూరాలజిస్ట్ దగ్గరకి వెళ్తే మలద్వారం దగ్గర వేలితో పరీక్ష చేయొచ్చు. గట్టిగా గడ్డలా ఏమైనా తగులుతుందా అని చూస్తారు. నిమిషం కూడా పట్టదు. దీనికి భయపడే చాలామంది పెద్దవాళ్లు అసలు హాస్పిటల్ గడప తొక్కరు.

ఎంఆర్ఐ ముందా, బయాప్సీ ముందా?

రెండోసారి కూడా ఎక్కువే వచ్చింది అనుకుందాం. ఒకప్పుడు నేరుగా బయాప్సీకి పంపేవాళ్లు. ఇప్పుడు చాలాచోట్ల ముందు ఎంఆర్ఐ తీస్తున్నారు. బ్రిటన్‌లో జరిగిన ప్రామిస్ అనే పరిశోధన 2017లో వచ్చింది. ముందే ఎంఆర్ఐ తీస్తే, నూటికి 27 మందికి బయాప్సీ అవసరం తప్పించొచ్చని అందులో తేలింది.

ఎంఆర్ఐ రిపోర్ట్‌లో పై-రాడ్స్ అని 1 నుంచి 5 వరకు ఒక స్కోర్ ఉంటుంది. 1, 2 అంటే అనుమానం తక్కువ. 4, 5 అంటే సాధారణంగా బయాప్సీ చేయమంటారు. 3 మధ్యలో ఉంటుంది. అక్కడ ఇంకో లెక్క పనికొస్తుంది, పీఎస్ఏ డెన్సిటీ. పీఎస్ఏని గ్రంథి సైజుతో భాగించడమే. పీఎస్ఏ 6.8 ఉండి, గ్రంథి 60 గ్రాములు ఉంటే 0.11 వస్తుంది. పెద్ద గ్రంథి కాబట్టి ఎక్కువ ప్రోటీన్ వస్తోంది అనుకోవచ్చు. అదే 6.8కి గ్రంథి 30 గ్రాములే ఉంటే 0.23. చిన్న గ్రంథి అంత ప్రోటీన్ ఎందుకు వదులుతోంది అనే ప్రశ్న వస్తుంది. 0.15 దాటితే డాక్టర్లు జాగ్రత్త పడతారు. చూశారా, నంబర్ ఒకటే, అర్థాలు రెండు.

ఒంట్లో పేస్‌మేకర్ లాంటిది ఉంటే ఎంఆర్ఐకి ముందే చెప్పాలి.

బయాప్సీ అంటే భయం ఎందుకు?

సన్నటి సూదితో గ్రంథిలోంచి చిన్న చిన్న ముక్కలు తీస్తారు, మామూలుగా పది పన్నెండు. బయాప్సీ చేస్తే క్యాన్సర్ పాకిపోతుంది అని చుట్టాలు భయపెడతారు. ప్రోస్టేట్ విషయంలో ఆ భయంతో టెస్ట్ మానుకోవాల్సిన పని లేదు. అసలు జాగ్రత్త పడాల్సింది ఇన్ఫెక్షన్, రక్తస్రావం గురించి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పాలి. తర్వాత కొన్ని రోజులు మూత్రంలో, కొన్ని వారాలు వీర్యంలో రక్తం కనపడొచ్చు. చలిజ్వరం వచ్చినా, మూత్రం పూర్తిగా ఆగిపోయినా తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే హాస్పిటల్‌కి తీసుకెళ్లండి.

క్యాన్సర్ అని తేలితే వెంటనే ఆపరేషనా?

ఇక్కడే చాలా కుటుంబాలు తొందరపడతాయి. బయాప్సీ రిపోర్ట్‌లో గ్లీసన్ స్కోర్ ఉంటుంది. 6 అంటే నెమ్మదిగా పెరిగే రకం. 8, 9, 10 అంటే దూకుడుగా పెరిగే రకం. 6 వచ్చిన చాలామందికి వెంటనే ఆపరేషన్ లేకుండా, టైమ్‌కి పీఎస్ఏ, ఎంఆర్ఐ, అవసరమైతే మళ్లీ బయాప్సీ చేస్తూ గమనిస్తారు. దీన్ని యాక్టివ్ సర్వైలెన్స్ అంటారు. గాలికి వదిలేయడం వేరు, ఇది వేరు.

బ్రిటన్‌లో ప్రొటెక్ట్ అనే పరిశోధనలో, గ్రంథి దాటని క్యాన్సర్ ఉన్న 1,643 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి ఆపరేషన్, ఒక గుంపుకి రేడియేషన్, ఇంకో గుంపుని గమనిస్తూ ఉండటం. 15 ఏళ్ల ఫలితాలు 2023లో వచ్చాయి. మూడు గుంపుల్లోనూ నూటికి 97 మంది ప్రోస్టేట్ క్యాన్సర్ వల్ల చనిపోలేదు. కానీ ఒక మాట దాచకూడదు. గమనిస్తూ ఉన్న గుంపులో క్యాన్సర్ వేరే చోటికి పాకడం ఇంచుమించు రెట్టింపు ఉంది. అటు ఆపరేషన్ వల్ల మూత్రం లీక్ అవ్వడం, అంగస్తంభన సమస్యలు ఎక్కువ. రేడియేషన్ వల్ల మలవిసర్జన ఇబ్బందులు రావొచ్చు. ఏ దారిలో వెళ్లినా ఏదో ఒకటి ఇచ్చుకోవాల్సిందే. అందుకే ఆలోచించుకోవడానికి కొన్ని వారాలు తీసుకోవడం, ఇంకో డాక్టర్‌ని అడగడం తప్పు కాదు.

ఏ ఇబ్బందీ లేనివాళ్లు టెస్ట్ చేయించుకోవాలా?

యూరప్‌లో లక్షా అరవై వేల మందికి పైగా మగవాళ్లని 23 ఏళ్లు గమనించారు. స్క్రీనింగ్‌కి పిలిచిన గుంపులో ప్రోస్టేట్ క్యాన్సర్ మరణాలు 13 శాతం తగ్గాయి. 456 మందిని పిలిస్తే ఒక మరణం తప్పింది. అంటే లాభం ఉంది, కానీ కొండంత లాభం కాదు. అందుకే అమెరికా నిపుణుల బృందం 2018లో 55 నుంచి 69 ఏళ్ల వాళ్లు డాక్టర్‌తో మాట్లాడి సొంతంగా నిర్ణయించుకోమంది, 70 దాటినవాళ్లకి స్క్రీనింగ్ వద్దంది. తండ్రికో, అన్నదమ్ములకో ఈ క్యాన్సర్ ఉన్నవాళ్లు, బీఆర్‌సీఏ2 జన్యు మార్పు ఉన్నవాళ్లు 40, 45 ఏళ్లకే డాక్టర్‌ని అడగడం మంచిది. మన ప్రభుత్వ క్యాన్సర్ స్క్రీనింగ్‌లో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం ఉన్నాయి, ప్రోస్టేట్ లేదు. కాబట్టి ఇక్కడ నిర్ణయం ఇంట్లోనే జరగాలి. మీకు పాతికేళ్లు ఉండి మీ ప్యాకేజీలో పీఎస్ఏ కలిపి ఉంటే, దాని కోసం అదనంగా డబ్బులు కట్టకండి.

ఇదంతా ఏ లక్షణాలూ లేనివాళ్ల సంగతి. మూత్రంలో రక్తం, తగ్గని నడుము నొప్పి, ఎముకల నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం, కాళ్లలో బలం పోవడం ఉంటే వయసుతో పని లేదు, వాయిదా వేయొద్దు.

చివరగా, నాన్నకి చెప్పాలా వద్దా?

మన ఇళ్లల్లో ఒక అలవాటు ఉంది. పెద్దాయన తట్టుకోలేరు అని రిపోర్ట్ దాచేసి, కొడుకు, అల్లుడు, బాబాయ్ కూర్చుని నిర్ణయం తీసుకుంటారు. కానీ మూత్రం లీక్ అయితే డైపర్ వేసుకోవాల్సింది ఆయనే. ఆర్నెల్లకోసారి టెస్ట్‌కి వెళ్తూ టెన్షన్ పడాల్సింది ఆయనే. ఒకరికి ఒంట్లో క్యాన్సర్ ఉందన్న ఆలోచనే భరించలేనిది కావొచ్చు. ఇంకొకరికి ఆపరేషన్ తర్వాతి జీవితం భరించలేనిది కావొచ్చు. ఆ తూకం ఆయన బదులు మీరు వేయలేరు.

మీరు చేయగలిగింది ఇంకోటి ఉంది. పాత రిపోర్టులు, మందుల చీటీ ఒక ఫైల్‌లో పెట్టి, ఈ నాలుగు ప్రశ్నలు ఫోన్‌లో రాసుకుని, నాన్న పక్కన కూర్చుని అడగండి. డాక్టర్ గారూ, ఈ టెస్ట్ మళ్లీ చేయించాలా? బయాప్సీకి ముందు ఎంఆర్ఐ అవసరమా? ఇప్పుడు ఏమీ చేయకుండా మూడు నెలలు ఆగితే ఏమవుతుంది? ఈ టెస్ట్‌లో ఏం వచ్చినా మనం చేసే పని మారుతుందా?

నాలుగో ప్రశ్నకి జవాబు మారదు అని వస్తే, ఆ టెస్ట్ ఎందుకో ఇంకోసారి అడగండి. ఈ వీడియో మీ ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. నమస్తే.