మనం గెలిచిన సంక్రాంతి

ఆస్టిన్‌కు వచ్చిన కొత్తలో, శరదృతువు శనివారాల్లో ఊరు ఊరంతా ఇటుకరంగు చొక్కాలు తొడుక్కుని బయల్దేరుతుంటే "ఇవాళ వాళ్ళకేదో ఆట ఉంది" అనుకునేవాళ్ళం. సోమవారం ఆఫీసులో నాలుగు మాటలు కలపడానికి పనికొస్తుందని "వాళ్ళు గెలిచారా?" అని కనుక్కుని వెళ్ళేవాళ్ళం. ఆ "వాళ్ళు" నా నోట ఎప్పుడు "మనం" అయిందో తేదీతో సహా గుర్తుంది. టెక్సాస్ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు లాంగ్‌హార్న్స్ ఒక్క ఆటా ఓడని 2005 సీజను అది. 2006 సంక్రాంతికి ముందు ముగిసింది.

ఆ ఆగస్టులో అమ్మా నాన్నా మొదటిసారి అమెరికా వచ్చారు. కుర్రతనంలో నాన్నకు చెడుగుడులో పేరుండేది. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్ళాలి, వెళ్తే మళ్ళీ నాలుగు వస్తాయి, లేకపోతే బంతి ఎదుటివాళ్ళదవుతుందని చెప్పగానే ఆట పట్టేశారు. "కూత ఆగేలోపు గీత ముట్టుకోవడమే కదరా" అన్నారు. మైదానం అంచున నిలబెట్టిన బీవోను, అంటే జట్టుకు గుర్తుగా తెచ్చే ఆ పొడుగుకొమ్ముల ఎద్దును, మాత్రం చాలాసేపు చూశారు. "మన ఒంగోలు గిత్తకు మూపురం అందం, దీనికి కొమ్ములు."

సెప్టెంబరు 10న కొలంబస్‌లో ఒహాయో స్టేట్‌తో ఆట. మూడు నిమిషాలైనా మిగల్లేదు, టెక్సాస్‌వి 16, అటు 22. జట్టును నడిపించే క్వార్టర్‌బ్యాక్ విన్స్ యంగ్ విసిరిన 24 గజాల బంతిని లిమస్ స్వీడ్ గీత లోపల ఒడిసిపట్టాడు. 25–22తో బయటపడ్డారు. అక్టోబరు 8న డల్లాస్‌లో ఓక్లహోమా మీద 45–12. అంతకుముందు వరసగా ఐదేళ్ళు ఆ జట్టు చేతిలోనే ఓడారు. ఓక్లహోమా పేరెత్తితే మాట తుంచేసే మా పక్క సీటాయన ఆ సోమవారం అందరికీ డోనట్లు తెచ్చాడు. ఆ ఓటమి ఆయన్ని ఎన్నాళ్ళుగా తింటోందో ఆ డబ్బా చూశాకే నాకు తెలిసింది.

"వాళ్ళు" "మనం" అయిన ఆ తేదీ అక్టోబరు 29. స్టిల్‌వాటర్‌లో ఓక్లహోమా స్టేట్ ముందు ఒక దశలో 28–9తో వెనకబడ్డారు. చూడలేక నాన్న లేచి వాకిట్లోకి వెళ్ళిపోయారు. విరామం తర్వాత ఆట మొదలైందో లేదో, యంగ్ బంతి పట్టుకుని 80 గజాలు పరుగెత్తి గీత దాటాడు. "నాన్నా, రండి, మనం గెలుస్తున్నాం!" అని అరిచాను. "మేము" అనలేదు, "మనం" అన్నాను. రెండు నెలల క్రితం వచ్చిన నాన్నను కూడా కలుపుకుని. ఇంగ్లీషులో ఈ రెంటికీ ఒకటే మాట. ఆ తేడా మనకే తెలుస్తుంది. 47–28తో గెలిచాం.

డిసెంబరులో హ్యూస్టన్‌లో కొలరాడో మీద 70–3. దాని గురించి చెప్పడానికేమీ లేదు.

జనవరి 4, బుధవారం రాత్రి, పసడేనాలో రోజ్ బౌల్, జాతీయ టైటిల్ తేల్చే ఆట. ఎదుట వరసగా 34 ఆటలు గెలిచిన సదరన్ కాలిఫోర్నియా. ఆ జట్టులో ఏటా ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ అందుకున్నవాళ్ళే ఇద్దరు, మ్యాట్ లైనార్ట్, రెజ్జీ బుష్. మా హాల్లో ఆరు కుటుంబాలు చాపల మీద కూర్చున్నాయి. ఆరున్నర నిమిషాలకు పైగా మిగిలుండగా 38–26తో వెనకబడ్డాం. యంగ్ గీత దాటి ఒక టచ్‌డౌన్ తెచ్చాడు. తర్వాత వాళ్ళకు నాలుగో ప్రయత్నంలో రెండు గజాలు కావాలి. బంతిని తన్ని మనకిచ్చెయ్యకుండా వాళ్ళ కోచ్ పీట్ క్యారల్ ముందుకే వెళ్ళమన్నాడు. చాలామంది తప్పుపట్టారుగానీ నేను పట్టలేను. ఆ రాత్రి యంగ్ చేతికి బంతి అందితే ఏమవుతుందో ఆయన కళ్ళారా చూస్తున్నాడు. బంతి పట్టుకుని వచ్చిన లెన్‌డేల్ వైట్‌ను మనవాళ్ళు ఆ రెండు గజాలూ దాటకముందే పడగొట్టారు.

చివరికి మనదీ నాలుగో ప్రయత్నమే. ఐదు గజాలు కావాలి. యంగ్ అటూ ఇటూ చూశాడు, విసరడానికి ఎవరూ దొరకలేదు. కుడివైపు పరుగందుకుని ఎనిమిది గజాలూ దాటి మూలలో గీత తొక్కాడు. గడియారంలో 19 సెకన్లు. టచ్‌డౌన్ తర్వాత అదనంగా దొరికే రెండు పాయింట్లూ అతనే తెచ్చాడు. 41–38. ఆ ఒక్క ఆటలో పరుగుతో 200 గజాలు, విసురుతో 267. 1970 తర్వాత టెక్సాస్‌కు దక్కిన మొదటి జాతీయ టైటిల్.

హాలంతా కేకలు. నాన్న మాట్లాడలేదు. లేచి నిలబడి కుడిచేత్తో తొడ చరిచారు. ఊరి బరిలో గెలిచినప్పుడు ఆయన అలా చేసేవారని అమ్మ చెప్పగా వినడమే, చూడటం అదే మొదలు.

అర్ధరాత్రి నాన్నకు శాలువా కప్పి యూనివర్సిటీ టవర్ దగ్గరికి తీసుకెళ్ళాను. టవర్ నారింజరంగు వెలుగులో ఉంది, కిటికీల దీపాలు ఒకటి అంకెగా నిలబడ్డాయి. ఇటుకరంగు టోపీ పెట్టుకున్న ఓ పెద్దాయన వచ్చి నాన్న చెయ్యి రెండు చేతులా పట్టుకున్నాడు. ఆయన ఇంగ్లీషులో, నాన్న తెలుగులో, ఇద్దరూ యంగ్ పరుగు గురించే చెప్పుకున్నారు. నేను మధ్యలో అనువాదం చెయ్యలేదు.

పది రోజులకు స్కూలు హాల్లో మన సంక్రాంతి. పిల్లల ముగ్గుల పోటీలో గొబ్బెమ్మల పక్కన ఒకమ్మాయి పొడుగుకొమ్ముల ఎద్దును గీసి, ఆ ఇటుకరంగు ఎక్కడా దొరకలేదని దిగాలుగా కూర్చుంది. అమ్మ పళ్ళెంలో పసుపు పోసి, కొంచెం కొంచెంగా కుంకుమ కలుపుతూ, రంగు కుదిరేదాకా ఆ పిల్లకు చూపిస్తూనే ఉంది.