ఆటకును పాటకును ఒక్క నీడ

పల్నాడన్నంతనే బ్రహ్మనాయుడును, నాయకురాలు నాగమ్మయు, కోడిపందెమును, కారెంపూడి రణరంగమును మనకు జ్ఞప్తికి వచ్చును. కాని యా వీరుల కెంతయో పూర్వము, ఆ సీమయందే జనులందఱు గూడి వినోదములు చూచుటకు విశాలమైన రంగ మొకటి యుండెనని సోదరీమణులలో ఎందఱికి దెలియును?

క్రీస్తు తరువాత 3, 4 శతాబ్దులలో ఇక్ష్వాకు రాజులు కృష్ణాతీరమున విజయపురి రాజధానిగా పాలించిరి. అదియే నాగార్జునకొండ లోయ. అచ్చట 1954 మొదలు 1960 వఱకు జరిగిన త్రవ్వకములలో, నడుమ బయలును, నాలుగు ప్రక్కల మెట్లవలె లేచిన ఆసనములును గల కట్టడము బయల్పడినది. అది ఆటలకును, ప్రదర్శనములకును ఉపయోగపడినదని పండితుల యూహ. నాగార్జునసాగరపు నీటిలో లోయ మునుగనుండుటచే, ఆ రంగమును మాచర్ల ప్రాంతమున అనుపు అనుచోట మరల నిర్మించిరి. దానిని నేడును చూడవచ్చును.

ఆ నగరపు శాసనములలో స్త్రీల పేళ్లు మెండు. మహాచైత్యమునకు దాత్రియైన చాంతిశ్రీ వీరపురుషదత్త మహారాజునకు మేనత్త. సింహళదేశపు ఆచార్యులకై చైత్యగృహము కట్టించిన బోధిశ్రీ యొక ఉపాసిక. పదిమందికి పనికివచ్చు కట్టడముల యాలోచన స్త్రీలకేల యనువారికి ఈ శాసనములే సమాధానము.

అనుపు రంగమునకు కప్పు లేదు. రెంటచింతల యెండ యెట్టిదో వేసవి వార్తలు చదువువారెల్ల నెఱుగుదురు. ఆ యెండలో పగటివేళ బాలిక బయట ఆడజాలదు. ప్రొద్దు గ్రుంకిన పిమ్మట ఇంటివారు పంపజాలరు. ఇట్లు రెండు విధముల ఆమె ఆట ఆగిపోవును. కావుననే పైకప్పు గల క్రీడామందిరము బాలికలకు విలాసము గాదు, అవసరము.

ఇట్టి మందిరములను ఇండోర్ స్టేడియములందురు. నడుమ స్తంభములు లేకుండ ఉక్కుదూలముల యల్లికపై కప్పు నిలుచును. షటిలు బరువు సుమారు 5 గ్రాములే. చిఱుగాలికైనను దారి తప్పును. అందుచే బ్యాడ్మింటనుకు నాలుగు గోడలును, ఎత్తైన కప్పును కావలెను. ఆ యాటస్థలము 13.4 మీటర్ల పొడవు, 6.1 మీటర్ల వెడల్పు మాత్రమే. పెద్ద మందిరమున ఇట్టివి అనేకము పట్టును. చాపలు పఱచిన కబడ్డీకిని, వేదిక గట్టిన సంగీతసభకును అదియే చాలును. అయితే పాటకచ్చేరికి ఒక జాగ్రత్త వలయును: నునుపైన గోడలు ధ్వనిని మరల మరల త్రిప్పికొట్టి సాహిత్యమును చెఱచును గాన, ధ్వనిని పీల్చుకొను పలకలో, మందపు తెరలో అమర్చవలెను.

మన తెలుగునాట ఇట్టివి లేకపోలేదు. బెజవాడ మందిరమునకు బరువులెత్తుటలో ప్రఖ్యాతుడై, 1963లో వచ్చిన నర్తనశాల చిత్రమున భీముడైన దండమూడి రాజగోపాలరావు పేరు పెట్టిరి. హైదరాబాదు గచ్చిబౌలి మందిరమున 2009 ఆగస్టులో ప్రపంచ బ్యాడ్మింటన్ పోటీలు జరిగినవి. అందు సైనా నెహ్వాల్ క్వార్టర్ ఫైనలుకు వచ్చి, 2012లో లండను ఒలింపిక్సున కాంస్యము గెలిచినది. పి.వి. సింధు 2016లో ఒలింపిక్ రజతమును, 2019లో ప్రపంచ విజేతృత్వమును, 2021లో ఒలింపిక్ కాంస్యమును సాధించినది. ప్రతిభ యేయూరనైనను పుట్టవచ్చును. కాని దినదినము సాధన చేయుటకు నీడ దగ్గఱలో నుండవలెను.

2022 ఏప్రిలులో నరసరావుపేట ముఖ్యపట్టణముగా పల్నాడు జిల్లా యేర్పడినది. క్రొత్త జిల్లాకు క్రొత్త కట్టడములు కావలసియుండుట సహజము. మందిరము మాట వచ్చినప్పుడు గృహిణులు అడుగవలసినవి కొన్ని గలవు. బాలికలకు వేఱుగా బట్టలు మార్చుకొను గదులును, నీటివసతి గల మరుగుదొడ్లును ఉన్నవా? గురజాల, మాచర్లల నుండి వచ్చు పిల్లలు తిరిగి యిల్లు చేరుటకు బస్సు వేళ లనుకూలముగా నున్నవా? సభలు జరుగు దినములు పోగా, సాధనకు నియమితకాలము మిగులునా? తలుపునకు తాళము వేసి, ఉత్సవమునకు మాత్రమే తెఱచు మందిరము ఎంత పెద్దదైనను మన బిడ్డల కక్కఱకు రాదు.

గొప్ప గోపురము వలదు. చిన్నదైనను సాయంకాలము దీపము వెలుగుచు, మన యాడపిల్ల నిర్భయముగా పోయి రాదగిన చోటు చాలునని మా మతము. దానిని కోరుట సిగ్గుపడదగిన పనిగాదు. విజయపురి స్త్రీలు ధనమిచ్చి తమ పేళ్లు ఱాతిపై చెక్కించుకొనిరి. మనము నోరు తెఱచి అడిగినను చాలును.